చెంపదెబ్బలు లెక్కపెట్టినావిడ

ప్రసారమే కాని సీరియల్ భాగాన్ని ఆహా ఓహో అని పొగిడిన సమీక్ష ఒకటి ఒక బుధవారం మధ్యాహ్నం ఆమె బల్ల మీదికి వచ్చింది. అప్పటికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. దినపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. కిటికీ లేని గది, పొడుగాటి బల్ల, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, మధ్యలో సిరా తడి ఆరని కాగితాల గుట్ట. అక్షరదోషాలు దిద్దడం వరకే ఆమె పని, అబద్ధాలు దిద్దడం కాదు. కానీ ముందురోజు సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ ఎంతకీ తెమలక ఆ సీరియల్ని ఎగరగొట్టేశారు. అమ్మ టీవీ ముందు కూర్చుని కూర్చుని, తిట్టుకుంటూ లేచిపోవడం ఆమె కళ్ళారా చూసింది. ఇక్కడ సమీక్షకుడుగారేమో, "నిన్నటి భాగంలో నాయిక కన్నీరు ప్రేక్షకుల గుండెల్ని పిండేసింది" అని రాశాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఎర్రసిరాతో అంచున, "ఈ భాగం నిన్న రాలేదు. మ్యాచ్ వచ్చింది. ఎవరి గుండెలూ పిండలేదు" అని రాసి పైకి పంపింది.

అరగంటలో ఎడిటర్ నుంచి పిలుపు.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆయన పదేళ్ళ నుంచి ఆ కాలమ్ రాస్తున్నాడు, తెలుసా?"

"చూడకుండా పదేళ్ళు రాయడమంటే మాటలు కాదండి."

నవ్వాలో కసరాలో తెలియక ఎడిటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఛానెళ్ళవాళ్ళు పంపే కాగితాల్లోంచి ఆ పెద్దమనిషి ఎత్తిరాస్తాడని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు, ఆ కాలమ్ ఎవరికీ పట్టదు కాబట్టి. "అంత పట్టింపు ఉంటే నువ్వే రాసి ఏడు," అన్నాడు ఎడిటర్. ఆమె రాసింది. ఏడవలేదు. పదహారేళ్ళు రాసింది.

రాయడం కూడా ఎలా రాసిందంటే, ఒళ్ళో నోటుపుస్తకం, చేతికి గడియారం. ఇరవై రెండు నిమిషాల భాగంలో మనుషులు మాట్లాడుకున్నది ఎంతసేపు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడింది ఎంతసేపు, ఏడుపు ఎంతసేపు, ఉరుముల చప్పుడు ఎన్నిసార్లు, అన్నీ లెక్క. ఒకసారి ఒక అత్తగారు మెట్లు దిగడానికి మూడు భాగాలు పట్టింది. "సోమవారం మొదటి మెట్టు మీద ఉన్న ఆవిడ బుధవారానికి హాల్లోకి చేరింది. ఇంట్లో పది మంది ఉన్నారు, ఒక్కరూ చెయ్యి అందించలేదు" అని ఆమె రాస్తే జనం పేపరు చింపి దాచుకున్నారు. సీరియళ్ళవాళ్ళు ఆమెకి 'గడియారమ్మ' అని పేరు పెట్టారు. కసితో పెట్టిన పేరే. ఆమె చెవిన పడ్డాక, పోనీలే, తాటకి అనలేదు కదా అనుకుంది.

నవ్వించేలా రాసినా ఆమె లోపల ఉండేది నవ్వు కాదు. ఆ కథలు చూసే కోట్లమంది ఆడవాళ్ళని అవి నిలువునా మోసం చేస్తున్నాయని ఆమె మంట. ఏడాది పొడుగునా తొమ్మిది సీరియళ్ళు వరసగా చూసి, ఒక డిసెంబర్ చివరి ఆదివారం ఆమె ఒక లెక్క అచ్చు వేసింది. ఆ ఏడాది ఆ తొమ్మిదింటిలో పడ్డ చెంపదెబ్బలు రెండువందల పధ్నాలుగు. అందులో ఆడవాళ్ళ చెంపల మీద పడ్డవి నూట తొంభై ఒకటి. దెబ్బ తిన్నాక ఆ ఆడమనిషే క్షమాపణ చెప్పుకున్నవి నూట అరవై మూడు. కింద ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదు. అంకెలు వేసి వదిలేసింది.

ఊరంతా దాని గురించే మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం అక్క వచ్చింది.

అక్క ఆమెకంటే మూడేళ్ళు పెద్ద. బస్ స్టేషన్లో నాలుగో నంబరు కిటికీ దగ్గర టికెట్లు ఇస్తుంది. భర్త రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు నడుపుతాడు. పదేళ్ళ కూతురు. మనిషి మెతక. చెల్లెలు ఏ సీరియల్ని చీల్చి చెండాడితే అక్క సరిగ్గా ఆ సీరియలే క్రమం తప్పకుండా చూస్తుంది. దాని మీద ఇద్దరికీ పడేది కాదు. "ఆ చెత్త ఎలా చూస్తావే అక్కా? పైగా ఆ సౌండు ఒకటి, వీధి చివరిదాకా వినపడేట్టు!" అని ఈమె విసుక్కునేది.

ఆ రోజు అక్క పేపరు మడతపెట్టి తెచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే అంది:

"బాగా లెక్కపెట్టావు."

"నచ్చిందా?"

"మా ఇంట్లోవి కూడా కలిపితే ఎంతయ్యేదో."

వేళాకోళం అనుకుని ఆమె నవ్వింది. అక్క నవ్వలేదు. ఎడమ చెవి వెనక జుట్టు పక్కకి తీసి చూపించింది. "ఈ చెవి వినపడదు నాకు. రెండేళ్ళయింది. నీకు తెలుసా?"

రెండేళ్ళుగా అక్క ఫోను కుడిచెవికి మార్చుకోవడం, పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూడటం, టీవీ సౌండు పెంచడం, అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ళముందు కదిలాయి. ఆ సౌండుకే కదా తను అన్నేసి మాటలంది!

"టీవీలో చెంపదెబ్బలు ఒక్కటీ వదలకుండా పట్టుకున్నావే," అంది అక్క నెమ్మదిగా. "మా ఇంటికి నెలకి నాలుగుసార్లు వచ్చేదానివి. ఒక్కటైనా కనపడలేదా?"

మర్నాడు పొద్దున్నే ఆమె బావ కొట్టుకి వెళ్ళింది. కొట్టు ముందు ఇద్దరు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు. బావ తలెత్తి, ఎప్పటిలాగే ఆప్యాయంగా, "రా మరదలా, కూర్చో. టీ తెప్పించనా?" అన్నాడు. 

"అక్క చెవికి ఏమైంది?"

"మొగుడూ పెళ్ళాల మధ్య సవాలక్ష ఉంటాయి. నీకు పెళ్ళి కాలేదుగా, తెలీదులే," అన్నాడు బావ, బేరగాళ్ళవైపు చూసి కన్ను గీటుతూ. వాళ్ళు నవ్వారు. ఆమె చేతికి అందినంత దూరంలో మూత విప్పిన రేడియో ఒకటి ఉంది. ఒక్క తోపు తోసింది. అది నేల మీద పడి మూడు ముక్కలైంది. ఆ రేడియో బావది కాదు, నవ్వినవాళ్ళలో ఒకడిది. అతని నవ్వు మాత్రం ఆగింది.

పదకొండు రోజుల తర్వాత అక్క తన సెలవు రోజు చూసుకుని, కూతుర్నీ రెండు సంచుల్నీ తీసుకుని చెల్లెలి ఇంటికి వచ్చేసింది. రెండు గదుల ఇల్లు. ఎవరూ ఏడవలేదు. పిల్ల స్కూలు ఎంత దూరం అవుతుంది, మంచం ఎక్కడ వెయ్యాలి, ఇవే మాట్లాడుకున్నారు.

ఆ ఏడాదే పత్రిక యజమాని సొంతంగా టీవీ ఛానెల్ పెట్టాడు. ఎడిటర్ మళ్ళీ పిలిచాడు. ఆయన జుట్టు అప్పటికి పూర్తిగా నెరిసిపోయింది, గొంతు కూడా మెత్తబడింది. "మన ఛానెల్ జోలికి పోకమ్మా. మిగతావాళ్ళని నీ ఇష్టం వచ్చినట్టు దులుపు," అన్నాడు. ఆమె ఆ వారమే సొంత ఛానెల్ మొదటి సీరియల్ మీద రాసి ఇచ్చింది. అది అచ్చు కాలేదు. తర్వాతి వారం మళ్ళీ అదే ఇచ్చింది, ఒక్క అక్షరం మార్చకుండా. అచ్చు కాలేదు. మూడో వారం ఆ చోట మొహానికి పూసుకునే క్రీము ప్రకటన వచ్చింది. బల్ల సొరుగులో ఉన్న నోటుపుస్తకాలన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకుని, పదహారేళ్ళు కూర్చున్న చోటునుంచి లేచి వచ్చేసింది. వీడ్కోలు సభ పెడతామన్నారు. "నా ముందు నన్ను పొగడటం నేను చూడలేను, మళ్ళీ నిమిషాలు లెక్కపెట్టాల్సి వస్తుంది," అని చెప్పి వచ్చింది.

నవల అలా మొదలైంది. ఉద్యోగం పోయిన మనిషికి పొద్దు చాలా పొడుగ్గా ఉంటుంది. అక్క డ్యూటీకీ పిల్ల స్కూలుకీ వెళ్ళాక వంటింట్లో గట్టు పక్కన స్టూలు వేసుకుని రాసేది. మొదట అక్కని అడిగింది.

"నీ సంగతి రాయనా?"

అక్క కూరగాయలు తరుగుతోంది. "రాయి. ఊరు మార్చు, పేరు మార్చు, నీ ఇష్టం. నేను తిరిగి వాడి దగ్గరికి వెళ్ళినట్టు మాత్రం రాయకు."

"పిచ్చా నీకు? అలా ఎందుకు రాస్తాను?"

"కథల్లో అందరూ వెళ్తారుగా. అందుకని చెప్తున్నా."

'నాలుగో నంబరు కిటికీ' రాయడానికి రెండేళ్ళు పట్టింది. ఇంకొకళ్ళు రాసినదాన్ని ఉతికి ఆరెయ్యడం వేరు, తెల్లకాగితం ముందు కూర్చోవడం వేరని ఆమెకి మొదటి నెలలోనే తెలిసొచ్చింది. ఒక్కో పేజీ ఐదారుసార్లు చించేది. చించినప్పుడల్లా తనని తానే తిట్టుకునేది, కాలమ్‌లో ఇతరుల్ని తిట్టినంత నిర్దయగా. పుస్తకం వచ్చాక, ఒకప్పుడు ఆమె చేతిలో చావుదెబ్బలు తిన్న ఒక దర్శకుడు పనిగట్టుకుని సమీక్ష రాశాడు: "మూడువందల పేజీల్లో ఏడుపు ఎన్ని పేజీలో గడియారమ్మగారే లెక్కచెప్పాలి." ఆమె ఆ కాగితం నలిపి పారేసింది. తర్వాత ఏరుకొచ్చి, సాపు చేసి, నిజంగానే లెక్కపెట్టింది. ముప్ఫై ఒక్క పేజీలు. ఆ దర్శకుడి మీద ఇంకా మండింది, అతను చెప్పింది నిజమైనందుకు.

కానీ పుస్తకం నిలబడింది. బస్ స్టేషన్లో అక్కతో పనిచేసేవాళ్ళు ఒకే ప్రతి చేతులు మార్చుకుని చదివారు. నాలుగో నంబరు కిటికీ దగ్గర టికెట్ కొనుక్కుంటూ కొందరు ఆడవాళ్ళు అక్కని అదోలా చూసి, చిల్లర తీసుకోకుండా చెయ్యి పట్టుకుని వదిలేవాళ్ళు. అక్క ఆ విషయం ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. పిల్ల చెప్పింది.

అప్పుడు వచ్చాడు నవ్వుల సారు. ఒక పెద్ద ఛానెల్లో కార్యక్రమాలన్నీ ఆయన చేతి కింద నడుస్తాయి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఎంత చేదు కబురైనా నవ్వుతూనే చెప్తాడు. అందుకే ఆ పేరు. మెట్లు దిగడానికి మూడు రోజులు పట్టిన అత్తగారు ఆయన సీరియల్లో మనిషే.

"మీరు మమ్మల్ని తిట్టినన్నాళ్ళూ నేను మీ కాలమ్ చదివానండి," అన్నాడు. "ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. బయట నిలబడి రాళ్ళేస్తే ఏమొస్తుంది? లోపలికి రండి. మీ నవలే సీరియల్ తీద్దాం. స్క్రీన్‌ప్లే, మాటలు మీవే. మీరు అనుకున్నట్టే తీద్దాం."

ఆమెని పడగొట్టింది ఆ 'మీరు అనుకున్నట్టే' అన్న మాటే. ఒప్పంద పత్రం పదహారు పేజీలు. కామా పోతే పట్టుకునే మనిషి, అచ్చు తప్పు కనపడితే అన్నం సహించని మనిషి, ఆ పదహారు పేజీల్లో తొమ్మిది చదివి, మిగతావి కూడా ఇలాంటివేగా అని సంతకం పెట్టేసింది. ఆ తర్వాత జీవితంలో ఆమె ఎవరి మీదా కోప్పడనంత కోపం ఆ సంతకం మీద పడింది.

పని మాత్రం ఆమె ఒళ్ళు వంచి నేర్చుకుంది. రోజుకో భాగం తియ్యాలి. సీన్లు వరసగా తియ్యరు, ఇల్లు సెట్టు దొరికిన రోజు ఇంట్లోవన్నీ తీసేస్తారు. నాయిక వేషం వేసే అమ్మాయికి జ్వరమొస్తే ఆమె మాటలన్నీ ఇంకొకరి నోట పెట్టాలి, అదీ అరగంటలో, మేకప్ గది గుమ్మంలో నిలబడి. మొహాలు ఒకళ్ళవి ఒకళ్ళు చూసుకునే ఆ నాలుగు నిమిషాలు ఎందుకు వస్తాయో కూడా అక్కడే అర్థమైంది. ఎనిమిది సీన్లకి గాను ఆరే తెమిలితే, మిగతా నిడివి మొహాలతో నింపుతారు. తను రాసిన కాలమ్‌లలో కొన్ని తప్పు మనుషుల మీద పడ్డాయని ఆమెకి అప్పుడు అనిపించింది. పైకి అనలేదు. నూట ఇరవై భాగాల వరకూ కథ ఆమె చెప్పినట్టే నడిచింది. సాయంత్రం ఏడున్నరకి అక్క, పిల్ల, తను ముగ్గురూ కూర్చుని చూసేవాళ్ళు. అక్క విమర్శలు చెప్పేది. "టికెట్లు అలా చింపరే. మిషన్ పళ్ళంచు మీద పక్కకి లాగి చింపాలి. ఆ పిల్లకి ఎవరైనా చూపించండి."

నూట ఇరవై తర్వాత రేటింగ్ జారింది. నవ్వుల సారు చర్చకి పిలిచాడు. పొడుగాటి గది, గోడనిండా అద్దం, బల్ల మీద బిస్కెట్లు. దర్శకుడు, ఛానెల్ మనుషులు ముగ్గురు, మూల కుర్చీలో నోట్సు రాసుకునే అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయి.

"జనం ఆ అమ్మాయిని మొగుడితో కలపమంటున్నారు మేడమ్," అన్నాడు సారు నవ్వుతూ.

"ఏ జనం?"

"సర్వే చేయించాం."

"అతను ఆమె చెవి పగలగొట్టాడు సార్."

"మారాడని చూపిద్దాం. ఆస్పత్రి సీన్ పెడదాం, అతనికి యాక్సిడెంట్. ఆమె వెళ్ళి సేవ చేస్తుంది. తను తొందరపడి ఇల్లు వదిలేశానని రెండు మాటలు అంటుంది. అంతే."

"ఆమె క్షమాపణ చెప్తుందా? ఆమె?"

"చిన్నదే మేడమ్. ఒక్క డైలాగ్."

ఆమె లేచి నిలబడింది. "నూట అరవై నాలుగోది నేను రాయను," అంది.

ఆ అంకె ఆమె పాత చెంపదెబ్బల లెక్కలోదని అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. సారు మాత్రం నవ్వు చెదరకుండా ఒప్పందంలో పదకొండో పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. కథని అవసరాన్ని బట్టి మార్చే హక్కు ఛానెల్‌ది. రచయిత పేరు మాత్రం చివరిదాకా వెయ్యాలి. "మీకు ఇష్టం లేకపోతే ఆ ఆస్పత్రి నాలుగు భాగాలూ వేరేవాళ్ళు రాస్తారు. మీరు విశ్రాంతి తీసుకోండి."

ఇక్కడ ఆమె చేసిన తప్పు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆ భాగాలు ప్రసారం కావడానికి ఇంకా మూడు వారాలుంది. ఈ మూడు వారాల్లో ఎలాగైనా ఆపించగలనని ఆమె నమ్మింది. ఉత్తరాలు రాసింది, లాయర్ని కలిసింది, దర్శకుడి ఇంటికి వెళ్ళి బతిమాలింది. అక్కకి మాత్రం చెప్పలేదు. రోజూ ఒకే గదిలో, ఒకే టీవీ ముందు, ఒకే సోఫాలో కూర్చుని చెప్పలేదు.

ఆస్పత్రి భాగం వచ్చిన రోజు అక్కకి సాయంత్రం డ్యూటీ పడింది. బస్ స్టేషన్లో సిబ్బంది విశ్రాంతి గదిలో టీవీ ఉంది. 'అది మన కథ' అని గర్వంగా చెప్పుకునే కండక్టర్లూ క్లర్కులూ పదిహేను మంది కూర్చుని చూస్తున్నారు. నాలుగో నంబరు కిటికీ అమ్మాయి ఆస్పత్రి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "తప్పు నాదేనండి, నేనే తొందరపడ్డాను," అని ఏడ్చింది. గదిలో ఎవరూ అక్క వైపు చూడలేదు. అందరూ నేల వైపు చూశారు.

అంతటితో అయిపోయినా బాగుండేది. మర్నాడు పదిన్నరకి నాలుగో నంబరు కిటికీ ముందు క్యూలో ఒకడు వంగి, రంధ్రంలోంచి చెయ్యి లోపలికి చాపాడు. "రెండు టికెట్లు ఇవ్వు. ఒకటి నాకు, ఒకటి నీకు. టీవీలో వచ్చేశావుగా, ఇంక ఇంటికి కూడా రా."

బావ. వెనక క్యూలో కొందరు సీరియల్ చూసినవాళ్ళే, ఏదో సరసం అనుకుని నవ్వారు.

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అక్క డ్యూటీ మధ్యలో కిటికీ మూసింది ఆ ఒక్కసారే. మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. చెల్లెలు గుమ్మంలోనే ఎదురైంది.

"నువ్వు రాశావా అది?"

"లేదక్కా. ఒట్టు. వేరేవాళ్ళు రాశారు."

"పేరు ఎవరిది పడింది?"

"నాదే."

"ముందే తెలుసా నీకు?"

ఆమె అక్క భుజాన ఉన్న సంచి అందుకోబోయింది.

"నిన్నే అడుగుతున్నా. తెలుసా?"

"ఆపిద్దామనుకున్నానక్కా..."

"నాకు చెప్పి ఉంటే ఆ గదిలో కూర్చునేదాన్ని కాదు కదా!" అక్క అరిచింది. నలభై ఏడేళ్ళ మనిషి అలా అరవడం చెల్లెలు ఎప్పుడూ వినలేదు. "వాడు కొట్టినప్పుడు కూడా నాకు ఇంత సిగ్గు అనిపించలేదే. వాడు నాలుగు గోడల మధ్య కొట్టాడు. నువ్వు నలుగురిలో కొట్టించావు."

అక్క వారంలో బస్ స్టేషన్ వెనక వీధిలో గది చూసుకుని, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. సామాను మోయడానికి చెల్లెలు వెళ్తే చేతిలోంచి సంచి లాక్కుంది. బావ మళ్ళీ రెండుసార్లు కిటికీ దగ్గరికి వచ్చాడట. రెండోసారి ఐదుగురు కండక్టర్లు అతన్ని భుజాలు పట్టుకుని గేటు దాకా నడిపించారు. అక్క పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, తనే స్వయంగా ఫిర్యాదు రాసి, సంతకం పెట్టే ముందు ప్రతి లైనూ చదివి ఇచ్చింది. ఇవన్నీ చెల్లెలికి పిల్ల ద్వారానే తెలిశాయి.

ఇల్లు ఖాళీ అయిన రోజు సాయంత్రం ఏడున్నరకి ఆమె ఒక్కతే సోఫాలో కూర్చుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, తన సీరియల్ మీద తనే సమీక్ష రాసింది. నాలుగు భాగాలకీ కలిపి. "భార్య పశ్చాత్తాపం: ఏడు నిమిషాల పది సెకన్లు. భర్త పశ్చాత్తాపం: లేదు. అతను స్పృహలో లేడు. స్పృహ వచ్చాక దాహం అన్నాడు." అలా నాలుగు పేజీలు. చివర ఇలా రాసింది: "కథ, మాటలు అని నా పేరు పడింది. ఈ మాటలు నావి కావు. కానీ మూడు వారాల ముందే నాకు తెలుసు. ఎవరి బతుకు ఇదో ఆ మనిషికి చెప్పకుండా నోరు మూసుకున్నాను. ఇందులో నా వాటా అది."

ఏ పెద్ద పత్రికా దాన్ని ముట్టుకోలేదు. ప్రూఫుల గదిలో ఒకప్పుడు ఆమె ఎదురుగా కూర్చున్న మిత్రుడు ఒక చిన్న వారపత్రిక నడుపుతున్నాడు. "కేసు పెడతారేమో," అన్నాడు. "పెట్టనీ," అంది. "అయితే రెండు చోట్ల దీర్ఘాలు పోయాయి, దిద్ది వేస్తాను," అన్నాడు. వేశాడు.

లాయరు నోటీసు వచ్చింది. నాలుగో రోజుకి టైటిల్స్‌లోంచి ఆమె పేరు పోయింది. జనం ఛానెల్ గేటు ముందు నిలబడి రాళ్ళేశారని, నవ్వుల సారు తలదించుకున్నాడని చెప్తే వినడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. రేటింగ్ పెరిగింది. సీరియల్ ఇంకో మూడువందల భాగాలు నడిచింది. ఆ జంటకి కవలలు పుట్టారు. సారుకి ఆ ఏడాది అవార్డు వచ్చింది, నవ్వుతూనే తీసుకున్నాడు. ఆ ఫొటో పేపర్లో చూసిన రోజు ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో గిన్నెలన్నీ తోమింది, తోమినవి కూడా మళ్ళీ తోమింది.

రెండో నవల ప్రూఫుల గది మీద రాసింది. కిటికీ లేని గది, ఆరుగురు మనుషులు, రోజూ చేతుల మీదుగా పోయే అబద్ధాలు. అక్క ఛాయ ఎక్కడా రాకుండా రాసింది. అది చదివి ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. ఆనాడు చర్చ గదిలో మూల కుర్చీలో కూర్చుని నోట్సు రాసుకున్న అసిస్టెంట్ డైరెక్టరే. ఆ నాలుగు భాగాల షూటింగ్ అయ్యాక మానేశానని చెప్పింది.

"ఆ రోజు నేను కూడా ఏమీ అనలేదండి," అంది. "ఈ నవల సినిమా తీస్తాను. మీరు స్క్రీన్‌ప్లే రాస్తారా?"

"నేను లేకుండా ఒక్క అక్షరం మార్చకూడదు."

"మార్చను. కాగితం మీద రాసిస్తాను."

"ప్రతి పేజీ చదివే సంతకం పెడతాను. రెండు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులు తీసుకోండి."

ఆ ఇద్దరూ మూడేళ్ళు పోట్లాడుకున్నారు. దర్శకురాలు సీన్లు చిన్నవి కావాలంటుంది, ఈమె ఒక్క మాట వదలనంటుంది. ఒకసారి రెండు నెలలు మాటలు లేవు. అయినా ఏ రోజూ ఒకరి వెనక ఒకరు ఏమీ మార్చలేదు. సినిమా పూర్తయింది, హాళ్ళలో రెండు వారాలు ఆడింది. గొప్పగా ఆడలేదు, చప్పగా పోలేదు. ఈ మధ్యలో అక్క ఫోన్లు మొదలుపెట్టింది, కానీ అన్నీ పిల్ల చదువు గురించే. పిల్ల ఫీజు గడువు, పిల్ల కళ్ళజోడు, అంతే, ఠక్కున పెట్టేసేది. సినిమా మాట అక్కతో ఎత్తడానికి ఈమెకి ధైర్యం చాలలేదు.

హాళ్ళలోంచి సినిమా ఎత్తేసిన మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది. అక్క.

"మొదటి సగం బాగుంది," అంది.

ఆమెకి ఒక క్షణం దేని గురించో అర్థం కాలేదు. "చూశావా?"

"రెండో సగంలో ఆ ప్రూఫుల పిల్ల ఎడిటర్ని ఎందుకు క్షమించింది?"

"క్షమించలేదక్కా. అక్కడ ఊరుకుంది, అంతే."

"ఊరుకున్నట్టు లేదు. క్షమించినట్టే ఉంది. నవ్వింది కూడా."

"అది నవ్వు కాదు! సరిగ్గా చూడలేదు నువ్వు."

"రెండుసార్లు చూశానే. టికెట్ కొనుక్కుని. రెండుసార్లూ నవ్వింది."

"ఆ నవ్వుకి అర్థం వేరు."

"నీకు తెలుసు అర్థం. చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? నువ్వు పక్కన నిలబడి చెప్తావా?"

ఆమెకి చర్రుమంది. ఆ సీన్ పద్దెనిమిదిసార్లు తిరగరాశానని అరిచింది. పద్దెనిమిదిసార్లు తప్పే రాశావని అక్క తిరిగి అరిచింది. ఎడిటర్ కుర్చీ మీద, ఆ పిల్ల చెప్పుల మీద, చివరి పాట మీద, నలభై నిమిషాలు ఇద్దరూ ఒకరి మాట ఒకరు పడనివ్వకుండా పోట్లాడుకున్నారు. ఐదేళ్ళలో వాళ్ళు అంతసేపు మాట్లాడుకున్నది అదే.

"రేపు నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది," అంది అక్క చివరికి, ఇంకా అదే కోపంతో. "నువ్వు రాసిన కాగితాలు పట్టుకుని రా. ఎక్కడ తప్పావో చూపిస్తాను." ఫోన్ పెట్టేసింది.

ఆమె ఆ రోజంతా అక్కని తిట్టుకుంటూనే, పద్దెనిమిది ప్రతులూ వెతికి వరసలో పెట్టుకుంది.